చివరి భాగం ఇంటికి ఇవ్వబడదు

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి. మూసిన తలుపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. కిందటి ఆదివారం అటు వెళ్తే, ఒక గోనెపట్టా మీద గుడ్డ అంటించిన బైండ్లు గుట్టగా కనిపించాయి. ఒకటి తీసి తిరగేశాను. వారపత్రికలో వచ్చిన సీరియల్. వారం వారం పేజీలు కోసి, వరసగా పేర్చి, దారంతో కుట్టి, పాత కేలండర్ అట్టలు వేసిన బైండు.

"గా బైండు వద్దు సాబ్, చివర పేజీల్ లెవ్వు" అన్నాడు అమ్మేవాడు నిజాయితీగా. "అన్నీ గట్లనే ఉన్నయి. ఎవరో చింపేసిన్రు."

చింపలేదని నాకు తెలుసు. వెనక అట్ట లోపలివైపు చూశాను. వంకాయ రంగు సిరాలో రబ్బరు స్టాంపు అలాగే ఉంది: "చివరి భాగం ఇంటికి ఇవ్వబడదు. షాపులో బెంచీ మీద చదువుకోవలెను." దాని కింద నాంపల్లి సందు పేరు.

ఆవిడ పోయిందని నాకు అలా తెలిసింది. ఆవిడ బతికి ఉండగా ఆ బైండ్లు ఫుట్‌పాత్ ఎక్కవు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. తన షాపు బోర్డు మీదే రాసుకోలేదు. "నవలలు అద్దెకు" అని మాత్రం ఉండేది. మా కోస్తా ఆడవాళ్లు లైబ్రరీ పిన్నిగారు అనేవాళ్లు, ఇక్కడి వాళ్లు లైబ్రరీ అత్తమ్మ అనేవాళ్లు. భర్త గుమస్తా. రాజధానితో పాటు కర్నూలు నుంచి బదిలీ మీద వచ్చి, ఇక్కడి నీళ్లు ఒంటికి పడకముందే జబ్బు చేసి పోయాడు. ఆవిడ తిరిగి బందరు వెళ్లలేదు. నాంపల్లి స్టేషనుకు దగ్గరలో ఒక పాత మేడకు వీధివైపున్న గది కిరాయికి తీసుకుని, భర్త కోసం తెప్పించిన పత్రికల కట్టలు ముందేసుకుని కూర్చుంది. షాపు అలా పుట్టింది.

నా కళ్లకు ఇప్పటికీ కనిపించేది ఆవిడ చెయ్యి. సగానికి విరిచిన బ్లేడు, విరిచిన వైపు గుడ్డపీలిక చుట్టి ఉండేది. పత్రిక మడత విప్పకుండా, మోకాలి మీద పెట్టుకుని, వెన్ను పొడుగునా ఒక్క గీత. కాగితం చిరిగిన చప్పుడు కూడా ఉండేది కాదు. సీరియల్ వెనకవైపు ఏది అచ్చయి ఉంటే అదీ బైండులోకి వెళ్లిపోయేది. జోకు సగం, తలనూనె ప్రకటన, వారఫలాలు.

"ఆ రాశుల చెత్త మీద కాగితమైనా అంటించండి" అన్నాను ఒకసారి.

"ఎందుకండీ? అదీ చదువుతారు. ఉండనివ్వండి" అంది, బ్లేడు ఆపకుండా.

ఆ రోజుల్లో మేము, అంటే సభల్లో మాట్లాడేవాళ్లం, ఈ అద్దె నవలల మీద కత్తులు నూరుతున్నాం. నేను అందరికంటే ఎక్కువ నూరాను. ఆబిడ్స్‌లో ఒక ప్రచురణకర్త నా ఎదుటే ఒక రచయితతో, నవల బాగుందయ్యా, పైన ఆడపేరు పెట్టుకో, రెండో ముద్రణకు వెళ్తుంది అన్నాడు. మగవాడు ఆడపేరుతో రాసి, ఆడదాన్ని మళ్లీ మొగుడి కాళ్ల దగ్గర పడేయడం! ఇది పాఠకుల కోరికా, ప్రచురణకర్తల వ్యాపారమా అని నేను అడిగాను, రాశాను, అరిచాను. ఆ మాటలు ఇప్పుడూ వెనక్కి తీసుకోను. అచ్చయిన ప్రతిదీ అక్షరదీపం కాదు. చీకటిని అచ్చేసి అమ్మేవాళ్లూ ఉంటారు.

అయితే మా గొప్ప పుస్తకాల సంగతీ చెప్పాలి. అవి గ్రంథాలయాలకు వెళ్లేవి. గ్రంథాలయంలో అద్దాల బీరువా, బీరువాకు తాళం, తాళంచెవి కార్యదర్శి జేబులో, కార్యదర్శి ఊళ్లో ఉండడు. బయట రీడింగు రూములో మగవాళ్లు దినపత్రికను ఆకులాకులుగా పంచుకుని కాళ్లు బారజాపుకుని కూర్చునేవాళ్లు. అక్కడ ఒక్క ఆడమనిషి కూర్చోగా నేను చూడలేదు. స్త్రీల కోసం ప్రత్యేక సమయం పెడదామని తీర్మానం చేశాం. తీర్మానం కూడా బీరువాలోకే వెళ్లింది.

ఈ నాంపల్లి షాపులో మాత్రం పొద్దుగూకే వేళ ఆ బెంచీ నిండిపోయి ఉండేది. ఆడవాళ్లతో.

దానికి కారణం ఆ స్టాంపు. పిన్నిగారి పద్ధతి అది. సీరియల్ అంతా కుట్టి, చివరి వారం పేజీలు మాత్రం కుట్టేది కాదు. వాటిని విడిగా పిన్ను గుచ్చి, పెద్ద బిస్కెట్ల డబ్బాలో పెట్టేది. అచ్చు నవల కొన్నా అంతే, చివరి అధ్యాయం దారం విప్పి డబ్బాలో వేసేది. పుస్తకం ఇంటికి తీసుకెళ్లి చదువుకోవచ్చు. చివర తెలియాలంటే పుస్తకం వాపసు తెచ్చి, బెంచీ మీద కూర్చుని, డబ్బాలోంచి ఆవిడ తీసిచ్చిన పేజీలు చదివి, అక్కడే ఇచ్చి వెళ్లాలి.

ఈ అద్దె నవలల సంగతేమిటో చూద్దామని వెళ్లి, మొదటిసారి ఇది చూసి నేను మండిపడ్డాను. "ఇది పుస్తకాన్ని చంపడం!"

"చంపడమేమిటి మేష్టారూ, తల నా దగ్గర భద్రంగా ఉంది" అంది. "ఈ ఊళ్లో ఎవరికీ స్థిరమైన ఇల్లుందా? ఇవాళ చాదర్‌ఘాట్, రేపు మలక్‌పేట. పూర్తిగా ఇచ్చేస్తే పుస్తకం వాళ్ల సామానులో కలిసి పోతుంది. చివర నా దగ్గరుంటే వాళ్ల కాళ్లు వాటంతటవే ఇటు వస్తాయి."

అది వ్యాపారం. కాదనను. ఆవిడే ఎప్పుడూ కాదనలేదు. కానీ ఆ బెంచీ మీద ఏం జరిగేదో చూడాలి. ఒకామె చివరి పేజీలు చదువుతూ ముక్కు చీదుకుంటుంటే, పక్కనున్నామె "ఏమయిందో చెప్పకు తల్లీ, నాది ఇంకా సగంలో ఉంది" అని చెవులు మూసుకునేది. చదివినవాళ్లు ఇద్దరుంటే పోట్లాట. "వాడు మంచివాడే, తల్లి మాట విని చెడ్డాడు." "తల్లి మాట వినేవాడు మంచివాడెట్లయితడు అక్కా?" కోస్తా యాస, ఇక్కడి యాస ఒకదాని మీద ఒకటి పడేవి. నేను ఏ సభలోనూ ఇంత నిక్కచ్చిగా మొగుళ్లనూ అత్తగార్లనూ విచారించడం వినలేదు.

సరస్వతీ పూజనాడు చాలా ఇళ్లలో పుస్తకాలు పీట మీద పెట్టి, ఆ రోజు ముట్టుకోకూడదంటారు. పిన్నిగారు ఆ రోజు షాపు తెరిచే ఉంచేది. "పండగపూట కాస్త తీరిక దొరుకుతుంది. ఆ రోజే మూసుకుంటే ఎట్లా?" అనేది. నేను సంబరపడిపోయి, మీరు అసలైన హేతువాది అన్నాను.

"నేను శనివారం శనివారం ఆంజనేయస్వామి గుడికి వెళ్తాను మేష్టారూ. నన్ను మీ సంఘంలో కలిపేసుకోకండి" అంది.

అసలు సంగతికి వస్తాను.

ఆ మేడ యజమాని బేగం బజార్‌లో మిరపకాయలు, పసుపు టోకున అమ్మే వ్యాపారి. తరాలుగా ఈ ఊరివాడు. మర్యాదస్థుడు, గట్టిగా మాట్లాడినా మనసులో పెట్టుకునేవాడు కాదు. నిజాం కాలపు చదువు, అంతా ఉర్దూలో. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. ఆయన కోడలు వరంగల్లులో హైస్కూలు దాకా చదివిన పిల్ల. ఆ పిల్లకు తెలుగు చదవడం వచ్చునని ఆయనకు మహా గర్వం. సాయంత్రం బజారు నుంచి వస్తూ, మిరపఘాటు వాసనతో మా బెంచీ పక్క నిలబడి, "అమ్మా, మా కోడలికి కొత్తది ఏమన్న ఇయ్యున్రి" అని తానే బైండు పైకి తీసుకెళ్లేవాడు. పైన కోడలు గట్టిగా చదివేది, అత్తగారు వత్తులు చేసుకుంటూ వినేది, ఈయన హుక్కా ముందు పెట్టుకుని వినేవాడు.

కానీ కోడలు కిందికి రాదు. ఆ గది వీధివైపుకు ఉంది. బెంచీ సగం సడక్ మీదే ఉన్నట్టు లెక్క. మధ్య ఉన్నది మెట్లే. ఆ మెట్లు దిగే ఆచారం ఆ ఇంట్లో లేదు. కాబట్టి ఆ పిల్ల ఎన్నో నవలలు చదివింది, ఒక్కదానికీ చివర చదవలేదు.

చాలాకాలం ఇలాగే నడిచింది. ఒక సీరియల్ దగ్గర తిరగబడింది. అందులో ఒకమ్మాయి తన్నే మొగుణ్ణి వదిలి వచ్చి, టైపు నేర్చుకుని, ఉద్యోగం సంపాదించుకుంటుంది. చివరికి మొగుడు వచ్చి గుమ్మంలో నిలబడతాడు. అక్కడికి బైండు అయిపోయింది.

మర్నాడు ఇంటాయన వచ్చాడు. నేను బెంచీ చివర కూర్చుని ఉన్నాను.

"ఏందమ్మా గిది? మా ముసల్దానికి నిద్ర లేదు. గా పిల్ల మొగనితోని పోతదా పోదా అని ఇంట్ల ఒకటే లొల్లి. జర గా చివరి కాయితాలు ఇయ్యున్రి, పొద్దుగాల్ల వాపస్ తెస్త."

"బెంచీ మీద చదవాలండీ షావుకారు గారూ. అదే రూలు."

"నాకు తెలుగు చదువరాదని మీకు ఎరుకే గద."

"చదవడం వచ్చినవాళ్లని పంపండి."

ఆయన ముఖం మారింది. "మా కోడలా? గీడ? సడక్ మీద కూసుంటదా? నల్గురు ఏమనుకుంటరు?"

పిన్నిగారు డబ్బా మూత సరిచేసింది. ఆయన నావైపు తిరిగాడు. "మేష్టరు సాబ్, మీరన్న చదివి చెప్పున్రి. నేను పైన చెప్త."

అందులో రూలుకు విరుద్ధమైనదేమీ లేదు. ఆవిడ పేజీలు నా చేతికిచ్చింది. చదివాను. నా ఒళ్లు మండింది. "ఏముంది, వెళ్లిపోయింది. ఆ తన్నినవాడి కాళ్లమీద పడి, ఉద్యోగం వదిలేసి, వాడి వెంట వెళ్లిపోయింది. ఇలాంటివి రాసేవాణ్ణి, అచ్చేసేవాణ్ణి..." అని మొదలుపెట్టేసరికి ఆయన మెట్లెక్కేశాడు.

కాసేపటికి కిందికి వచ్చాడు. తల గోక్కున్నాడు.

"మీరు తప్పు చెప్పిన్రంటున్నది."

"ఎవరు?"

"మా కోడలు. గా పిల్ల గట్ల పోదు, నౌకరి ఉన్నది గద, ఎందుకు పోతది అంటున్నది. మీకు సీరియళ్లంటే పడదంట. మీరు పేపర్ల రాసిన్రంట, గా ముచ్చట మన బైండులనే కాయితం ఎనుక ఉండెనంట. సగమే ఉండె, చదివిన, మేష్టరుకు కోపం ఎక్కువ, గందుకే గిట్ల చెప్పిండు అన్నది."

పిన్నిగారు నవ్వాపుకోవడానికి పత్రిక అడ్డం పెట్టుకుంది. నా వ్యాసాలకు నాంపల్లిలో ఒక పాఠకురాలు ఉందని అప్పుడే తెలిసింది నాకు. అదీ సగం వ్యాసానికి.

ఆయనకు నవ్వు రాలేదు. "అమ్మా, ఆఖరుసారి అడుగుతున్న. గా కాయితాలు ఇస్తరా ఇయ్యరా?"

"కింద చదవాలండీ."

"గయితే ఈ నెలాఖరుకు కమ్రా ఖాళీ చెయ్యున్రి. నా ఇంట్ల ఉండి నా ఇంటోళ్లకే రూలా?"

ఆయన వెళ్లాక నేను ఆవిడతో అన్నాను. "పుస్తకం పోతుందనే కదా మీ రూలు. ఇల్లు వాళ్లది, మీ నెత్తిమీదే ఉన్నారు, పుస్తకం ఎక్కడికి పోతుంది? వాళ్లకు ఇస్తే మీకు నష్టమేమిటి?"

ఆవిడ బ్లేడు గుడ్డపీలిక విప్పి, మళ్లీ బిగించి చుట్టుకుంది. "అందరికీ ఒకటే రూలు మేష్టారూ" అంది.

ఆ గది పోతే ఆవిడకు వేరే ఆధారం లేదు. బట్టలు కుట్టడం రాదు, వంటలకు వెళ్లదు, బందరులో ఎవరింట్లోనో ఒక మూల కూర్చోవాలి. చాదర్‌ఘాట్‌లో ఒక గది చూసింది. వర్షం కారే గది. అయినా అటే వెళ్తానంది. నెలాఖరున నేను వెళ్లేసరికి బైండ్లన్నీ పురికొసతో కట్టలు కట్టి ఉన్నాయి. తోపుడుబండి వచ్చింది. బండివాడూ నేనూ కట్టలు ఎక్కించాం. ఇంటాయన వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. అంతవరకూ వచ్చాక ఆయనకూ బాధగానే ఉంది. కానీ ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోలేడు. గదిలో బెంచీ, డబ్బా మిగిలాయి.

నేను డబ్బా ఎత్తుతుంటే మెట్లమీద గాజుల చప్పుడయింది.

తలమీద కొంగు, చేతిలో ఆ బైండు. వచ్చి మామగారి పక్క నిలబడింది.

"మామా, గా డబ్బా బండెక్కితే నాకు చివర దొరకదు."

ఆయన కోడలివైపు చూశాడు. సడక్‌వైపు చూశాడు. రిక్షాలు పోతున్నాయి, స్టేషను నుంచి జనం వస్తున్నారు. ఆ పిల్ల జవాబు కోసం ఆగలేదు. వచ్చి బెంచీ మీద కూర్చుని, బైండు పిన్నిగారికి వాపసు ఇచ్చి, చెయ్యి చాపింది. పిన్నిగారు నా చేతుల్లోని డబ్బా మూత తీసి, వెతికి, పేజీలు ఇచ్చింది.

అప్పుడు ఇంటాయన ఒక పని చేశాడు. గొడుగు విప్పాడు. వానా లేదు, ఎండా లేదు. విప్పి, బెంచీకీ సడక్‌కూ మధ్య, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. కోడలు చదివినంతసేపూ అలాగే నిలబడ్డాడు.

ఆ పిల్ల నిదానంగా చదివింది. ఒకచోట వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. అయిపోయాక పేజీల అంచులు సరిచేసి పిన్నిగారికిచ్చింది. నావైపు చూసింది.

"మీరు చెప్పింది కరెక్టే మేష్టారు. పోయింది." పేజీలవైపు వేలు చూపింది. "కానీ తప్పు రాసిన్రు."

తప్పు రాసిన్రు! నేను జీవితమంతా మొత్తుకున్నది అదే. అచ్చులో ఉందని నమ్మకండి, పెద్దలు రాశారని నమ్మకండి, రాసినవాణ్ణి నిలబెట్టి అడగండి. శాస్త్రాల గురించి, పురాణాల గురించి నేను ఎన్ని వేదికలెక్కి చెప్పానో. ఆ మాట ఒక చెత్త సీరియల్ చివర, ఒక బెంచీ మీద, ఎవరూ నేర్పకుండా వినిపించింది. సీరియల్ చెత్త అనే నేను ఇప్పటికీ అంటాను. అది చెత్త అని తేల్చే హక్కు ఎవరిదో మాత్రం ఆ రోజు చూశాను.

ఇంటాయన గొడుగు ముడిచి బండివాడి దగ్గరికి వెళ్లాడు. "ఏం జూస్తున్నవ్? దించు. అన్ని దించు."

ఆ తరువాత నేను ఉత్సాహం పట్టలేక, మీరు చేసింది మా సంఘాలు చెయ్యలేకపోయిన సంస్కరణ అని పిన్నిగారితో ఏదో అన్నాను. ఆవిడ కట్టల పురికొస విప్పుతోంది. "మళ్లీ ఉపన్యాసం మొదలెట్టారు. బైండు వాపసు వచ్చిందా లేదా, అదీ సంగతి" అంది.

కోడలు తరువాత రోజూ వచ్చేది. గొడుగు కొన్నాళ్లు నిలబడింది, తరువాత మానేసింది. అరవై తొమ్మిదిలో ఊళ్లో ప్రత్యేక తెలంగాణ గొడవలై, మా ప్రాంతపువాళ్లు షాపులు మూసుకున్నప్పుడు, పిన్నిగారి తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నది ఆ ఇంటాయనే. "తెరువున్రి. మా కోడలు చదువుకోవాలె" అన్నాడట. నేను అప్పటికి ఉద్యోగరీత్యా ఊరు దాటాను. ఈమధ్యే తిరిగి వచ్చాను. వెళ్దాం వెళ్దాం అనుకుంటూ ఉండగానే ఫుట్‌పాత్ మీద ఆ బైండ్లు ఎదురయ్యాయి.

ఒక బైండు కొని, ఆబిడ్స్ నుంచి నాంపల్లికి నడిచాను. గదిలో ఇప్పుడు ట్రాన్సిస్టర్లు బాగుచేసే షాపుంది. బెంచీ పక్కకు జరిగి మెట్ల కింద ఉంది. దానిమీద ఆమె కూర్చుని ఉంది, కోడలు. చెంపలు నెరిశాయి. తలమీద కొంగు లేదు.

"మేష్టారు!" అని లేచింది. "ఇన్నొద్దులకా?"

ఆమె చెప్పింది. మామగారు ముందే పోయాడు. పిన్నిగారిది జబ్బు కాదు, పత్రిక ఒళ్లో ఉండగానే కుర్చీలో ఒరిగిపోయింది. బందరు నుంచి చుట్టాలు వచ్చి సామాను అమ్మేశారు.

"డబ్బా నేను ఇయ్యలె. చివర్లు అన్ని గీడనే ఉన్నయి. ఆబిడ్సుల కొన్నోళ్లు అప్పుడొకరు అప్పుడొకరు వస్తున్నరు. స్టాంపు చూసి, గీడనేనా అమ్మా అని అడుగుతరు. కూసోమంట."

నేను బైండు చాపాను. ఆమె తీసుకోలేదు. డబ్బాలోంచి మడత విప్పని ఒక పత్రిక తీసింది.

"గిది మొదలు చూడున్రి. అత్తమ్మ పోయిననాడు ఆమె ఒళ్లె ఉన్న సీరియల్. అప్పటికి ఇంక అయిపోలె. మిగిలిన వారాలు నేనే కోసిన." వేలితో చూపించింది. ఆ సగం బ్లేడు, అదే గుడ్డపీలిక. "గీ వారంతోని అయిపోయింది. మేడ మీద చదువబుద్ధి కాలె. కింద చదవాలె గద. ఒక్కదాన్నే ఎట్ల చదువుత అని ఊకున్న. మీరొచ్చిన్రు."

పక్కకు జరిగింది. కూర్చున్నాను. వెన్ను పొడుగునా ఒక్క గీత గీసింది. చప్పుడు కాలేదు. పేజీల వెనక వారఫలాలున్నాయి. కాగితం అంటించమని ఈసారి నేను అనలేదు. ట్రాన్సిస్టరు షాపతను పాట ఆపేశాడు. ఆమె గట్టిగా చదివింది, మేడమీద అత్తమామలకు చదివినట్టు. పిన్నిగారు చూడకుండా వెళ్లిపోయిన చివర అది.

అయిపోయాక ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం.

ఆ కథ ఎలా ముగిసిందో నేను ఇక్కడ రాయను. తెలుసుకోవాలంటే నాంపల్లి వెళ్లి, ఆ మెట్ల కింద బెంచీ మీద కూర్చోవలసిందే. అందరికీ ఒకటే రూలు.